నంది బహుమతి అక్కడ... చదివింపులు ఇక్కడ!

అవార్డుల సభ అనగానే మీ కళ్ళముందు ఏం కదులుతుంది? దీపాలతో వెలిగిపోయే వేదిక, పట్టుచీరల రెపరెపలు, కవరు చించి పేరు చదివే ఆ ఒక్క క్షణం... అంతే కదూ! పిల్లలకి అన్నం కలిపి పెడుతూ, ఒక కన్ను టీవీ మీద వేసి మనం చూసేవన్నీ సినిమా వాళ్ళ సభలే. మరి తెర మీద కాకుండా మన కళ్ళెదుటే నిలబడి ఆడి, పాడి, ఏడిపించి, నవ్వించే వాళ్ళ మాటేమిటి? నాటకం వాళ్ళకీ ఏటా ఒక బహుమతుల పండగ ఉంటుందని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ సంగతి మాట్లాడుకుంటూనే ఈసారి మిమ్మల్ని ఉత్తర తెలంగాణలోని మూడు ఊళ్ళకి తీసుకెళ్తాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. "అక్కడ నాటకాల సభలేం జరుగుతాయండీ?" అని అడగకండి. జరుగుతాయి. కాకపోతే వాటి పద్ధతే వేరు. రండి, ముందు పెద్ద సభల ముచ్చట చెప్పుకుని బయల్దేరదాం.

పౌడరు డబ్బీతో మొదలైన పండగ

అమెరికాలో నాటకాలకిచ్చే టోనీ అవార్డులు ప్రపంచమంతా పేరు పడ్డవి. మాటలతో నడిచే నాటకాలకీ, పాటలతో నడిచే సంగీత నాటకాలకీ విడివిడిగా ఇస్తారు. ఆ పేరు ఎవరిదనుకున్నారు? ఒక ఆడమనిషిది! ఆంటోనెట్ పెర్రీ అనే నటి, దర్శకురాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ అమెరికన్ థియేటర్ వింగ్ అనే సంస్థని నడిపించింది. న్యూయార్కులో సైనికులకి ఉచితంగా భోజనం పెట్టి, ఆటపాటలు చూపించే కాంటీన్ ఆ సంస్థదే. అందులో వడ్డనకి నాటకాల తారలే నిలబడేవారు. పెర్రీ 1946లో పోయింది. మరుసటి సంవత్సరం, 1947 ఏప్రిల్ 6న, ఆవిడ ముద్దుపేరుతో తొలి టోనీలు ఇచ్చారు. ఆ రోజు పతకాలు లేవు. ఒక ప్రశంసాపత్రం, దాంతోపాటు మగవాళ్ళకి సిగరెట్ లైటరు, ఆడవాళ్ళకి పౌడరు డబ్బీ! పతకం వచ్చింది 1949 నుంచే.

మన దగ్గర నంది ఉంది. లేపాక్షి నందిని నమూనాగా తీసుకుని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో సినిమాలకి నంది బహుమతులు మొదలుపెట్టింది. నాటకం వంతు రావడానికి మరో మూడు దశాబ్దాలు దాటింది. 1998 నుంచి నంది నాటకోత్సవాలు మొదలయ్యాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక... ఇలా విభాగాలు, వాటికి బంగారు, వెండి, కంచు నందులు. అమెరికా వాళ్ళు మ్యూజికల్ అని మురిసిపోయేదానికి మన సమాధానం పద్యనాటకమే కదా! రాష్ట్రం 2014లో రెండయ్యాక ఈ ఉత్సవాలు ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు జరిగి, ఆగి, మళ్ళీ 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. తెలంగాణలో గద్దర్ పేరుతో 2025 జూన్‌లో ఇచ్చిన అవార్డులు సినిమాలకి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ పోటీలన్నీ రాసుకున్న నాటకానికి. గంట కొట్టి తెర తీసి, గడియారం చూసి తెర దించే నాటకానికి. మరి తెరే లేనిది, తెల్లవార్లూ సాగేది అయితే? దానికి బహుమతి ఎవరిస్తారు?

అదిగో, దాని జవాబు వెతకడానికే మన ప్రయాణం.

కరీంనగర్ దాటగానే...

హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా జగిత్యాల వెళ్ళే దారిలో గంగాధర వస్తుంది. ఆ పక్కన కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఉంది. చెక్కించినవాడు జినవల్లభుడు. ఇతని అన్న పంపకవి, కన్నడ సాహిత్యానికి ఆదికవి. అప్పట్లో ఈ ప్రాంతాన్ని వేములవాడ చాళుక్యులు ఏలేవారు. రాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి భారతం రాస్తే, రాజు ఒక ఊరినే అగ్రహారంగా ఇచ్చాడు. ఆ సంగతి ఈ రాతి మీద ఉంది. ఇందులో తెలుగు కంద పద్యాలు కూడా ఉండడంతో మన భాష పాతదనాన్ని చెప్పేటప్పుడు దీన్ని తప్పకుండా తలుచుకుంటారు.

అంటే, వెయ్యేళ్ళ కిందటే ఈ నేల మీద బహుమతి ప్రదానం జరిగిందన్నమాట! అయితే అది రాజుగారి బహుమతి. రాజులు పోయారు. బహుమతి మాత్రం పోలేదు. అది ఇల్లాలి చేతికి వచ్చింది. ఎలాగో చూడండి.

జగిత్యాల: పసుపు కుంకుమలతో వేదిక

జగిత్యాలలో ముందు కోట చూడండి. 1747 ప్రాంతంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టింది. నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. పిల్లలకి తెగ నచ్చుతుంది. అటు కొండగట్టు ఆంజనేయస్వామి, ఇటు గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ధర్మపురి వాడే.

కానీ మనం వచ్చింది ఒగ్గుకథ కోసం. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. కురుమ కులానికి చెందిన ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి మొక్కు ఉంటే ఒగ్గువాళ్ళని పిలిపించి కథ చెప్పించుకోవడం ఆనవాయితీ.

వేదిక ఎలా తయారవుతుందో తెలుసా? అన్నీ మన వంటింటి సామానే! బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి. వాటితో నేల మీద పట్నం వేస్తారు. పట్నమంటే పెద్ద రంగుల ముగ్గు. మన ముగ్గుని మనం పొద్దున వేసి సాయంత్రానికి మరిచిపోతాం. ఆ ముగ్గు మీద దేవుడి పెళ్ళే జరుగుతుంది.

"ఏం కథ చెప్పమంటవు అవ్వా?"

"మల్లన్న లగ్గం చెప్పు బిడ్డా!"

లగ్గం అంటే పెళ్ళి. ఇక డోలు మోగుతుంది, తాళాలు అందుకుంటాయి. ప్రధాన కథకుడు ఒక మాట అంటే, పక్కవాడు మరో మాట అందిస్తాడు. మల్లన్నకి ఇద్దరు భార్యలు. గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ. సవతుల పోరు వచ్చేసరికి ముసలమ్మల నుంచి కొత్త కోడళ్ళ దాకా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. ఆడవేషం వేసేదీ మగవాడే. కొంగు నడుముకి దోపి, చెయ్యి తిప్పి మాట్లాడితే, "అచ్చం మా తోడికోడలే!" అనుకుంటారు.

తెలుగు స్టేజీకి ఇది కొత్తేం కాదు. బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా చీర కడితే, ఆ కట్టు చూసి నేర్చుకున్న ఇల్లాళ్ళు ఉన్నారని పెద్దలు చెబుతారు. ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. మరి మన పల్లెలో రాత్రంతా చీర కట్టుకుని సవతుల పోరు ఆడిన మనిషికి?

ఆయనకి వచ్చేది చదివింపు.

చదివింపు అంటే...

కథ మధ్యలో ఆపుతారు. సరిగ్గా మంచి పట్టులో ఉన్నప్పుడే! పళ్ళెం బయటికి వస్తుంది. ఒక ఇల్లాలు లేచి పది రూపాయలు వేస్తుంది. ఇంకొకామె చాటలో బియ్యం తెస్తుంది. ఇంకొకామె చీర పెడుతుంది. కథకుడు డోలు దెబ్బ మీద బిగ్గరగా చదువుతాడు. ఫలానా ఇంటి కోడలు ఇంత చదివించింది, ఆ ఇల్లు చల్లగుండాలె, ఆమె పిల్లలు సల్లంగుండాలె అని.

ఇక్కడే చూడండి తేడా. న్యూయార్కులో అయినా గుంటూరులో అయినా కవరు చించి గెలిచినవాళ్ళ పేరు చదువుతారు. ఇక్కడ ఇచ్చినవాళ్ళ పేరు చదువుతారు! పెళ్ళిపత్రికలో తప్ప ఎక్కడా అచ్చుకాని ఇల్లాలి పేరు, ఊరంతా వినేలా డోలు మీద మోగుతుంది.

న్యాయనిర్ణేతలు ఎవరంటే మనమే. కథ బాగోకపోతే పళ్ళెంలో ఏమీ పడదు. మార్కులు అక్కడికక్కడే!

కోరుట్ల: బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని

జగిత్యాల నుంచి నిజామాబాదు వైపు పాతిక కిలోమీటర్లు వెళ్తే కోరుట్ల. ఈ ఊళ్ళల్లో రెండు సంగతులు ఏ వీధికి వెళ్ళినా కనిపిస్తాయి. ఒకటి, గల్ఫుకి వెళ్ళిన మగవాళ్ళు. రెండోది, అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. మాటలు మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు ఆగవు. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. ఇల్లు, పిల్లల చదువు, అత్తమామల మందులు, దేవుడి మొక్కు అన్నీ ఆమె మీదే. మొక్కు తీర్చే కథ కుదర్చడం కూడా ఆమె పనే. ఆ పళ్ళెంలో పడే పది రూపాయల నోటు వెనక ఎన్ని బీడీలు ఉన్నాయో లెక్కేసుకోండి.

కోరుట్ల దాటి మెట్‌పల్లి మీదుగా సాగే నిజామాబాదు బాట చిందు భాగవతుల సీమకి దారి. ఒగ్గుకథలో ఆడవేషం మగవాడు వేస్తే, చిందు భాగవతంలో ఆడవాళ్ళే వేస్తారు. ఇంటిల్లిపాదీ కళాకారులే. బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో ఉన్న చిందు ఎల్లమ్మ గారు పసితనం నుంచే వేషం కట్టారు. రేణుకా ఎల్లమ్మ వేషం ఆమె కట్టినట్టు మరొకరు కట్టలేదంటారు. 2005లో కన్నుమూసేదాకా చిందుకి ఆమే పేరు, ఆమే ఊపిరి. ఈ కళకి ఢిల్లీ గుర్తింపు కూడా వచ్చింది. జనగామ జిల్లాకి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు.

మరి అలాంటి పతకాలు లేని రోజుల్లో వీళ్ళు ఎలా బతికారు? మిరాశి మీద. ఏ కుటుంబం ఏ ఊళ్ళో ఆడాలో పెద్దలు పంచిపెట్టిన హక్కునే మిరాశి అంటారు. ఆ ఊళ్ళలోని మాదిగ కుటుంబాలే చిందువాళ్ళకి పోషకులు. ఏటా వాళ్ళు రావాలి, ఆట ఆడాలి, ఇళ్ళవాళ్ళు ఇవ్వాల్సింది ఇవ్వాలి. దయతో వేసే బిచ్చం కాదది, హక్కుతో తీసుకునే కట్నం. ఏడాదికోసారి తప్పకుండా వచ్చే బహుమతి ప్రదానమే ఇదీ! సభాధ్యక్షుడు ఒక్కడే తక్కువ.

హన్మాజీపేట: ఒక పల్లె, ఇద్దరు పెద్దలు

కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా దక్షిణానికి దిగితే వేములవాడ. రాజన్న గుడిలో కోడె మొక్కు ప్రసిద్ధి. కోడెదూడని పట్టుకుని గుడి చుట్టూ తిప్పి స్వామికి అప్పగిస్తారు. అవార్డుకి నంది బొమ్మ నిన్నమొన్నటిది, ఇక్కడ బతికున్న నందే మొక్కుబడి! శివరాత్రికి లక్షల మంది వస్తారు, జాగారం రాత్రంతా ఆటపాటలే. త్యాగరాజ ఆరాధనోత్సవాలు కూడా ఏటా జరుగుతాయి. హరికథలు వినాలనుంటే ఆ రోజుల్లో వెళ్ళండి.

వేములవాడ దగ్గరే హన్మాజీపేట. చిన్న పల్లె. కానీ రెండు పెద్ద పేర్లు. ఒకరు సినారె, డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు. 1931 జూలై 29న ఇక్కడ పుట్టారు. చిన్నతనంలో పల్లెలో విన్న హరికథలు, జంగం కథలే ఆయనకి మొదటి బడి. తర్వాత సిరిసిల్లలో చదువుకున్నారు. 1953లో అచ్చయిన ఆయన తొలి పుస్తకం 'నవ్వని పువ్వు' ఏమిటో తెలుసా? పాటలతో నడిచే నాటకమే! 'రామప్ప' కూడా సంగీత రూపకమే. సినిమా పాటలు 1962లో వచ్చిన గులేబకావళి కథతో మొదలయ్యాయి. 'విశ్వంభర'కి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. 2017లో కన్నుమూశారు.

రెండో ఆయన మిద్దె రాములు గారు. ఒగ్గుకథ అంటే ఈ ప్రాంతంలో ముందు వచ్చే పేరు ఆయనది. తల మీద బోనం నిలిపి, అది కదలకుండా చిందేస్తూ కథ నడిపించేవారు. నెత్తిన బిందె పెట్టుకుని నాలుగడుగులు వేసినవాళ్ళకి తెలుస్తుంది, అదెంత కష్టమో! 2010లో ఆయన కాలం చేశారు.

ఒకే నీళ్ళు తాగిన ఇద్దరు. ఒకరి పాట పుస్తకంలోకి ఎక్కి జ్ఞానపీఠం దాకా వెళ్ళింది. ఇంకొకరి పాట గాలిలో ఉంది. వినే చెవి ఉన్నంతకాలమే దానికి ఆయుష్షు.

సిరిసిల్ల: మగ్గం ఆగితే కథ ఆగుతుంది

వేములవాడ నుంచి సిరిసిల్ల పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్ళో అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు. బతుకమ్మ పండక్కి ప్రభుత్వం పంచే చీరలు 2017 నుంచి కొన్నేళ్ళు ఇక్కడే నేశారు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన పనితనం కూడా ఈ ఊరిదే.

నేతపని చేసే పద్మశాలీలకి సొంత కళాకారులు ఉన్నారు. కూనపులివారు గజాల కొద్దీ పొడవున్న పటం విప్పి, బొమ్మ బొమ్మకీ ఆగి, మార్కండేయ పురాణం చెబుతారు. భావనారుషి తామర తూళ్ళ నారతో దేవతలకి తొలి బట్ట నేసిన కథ అందులోదే. సాధనాశూరులని మరో బృందం గారడీ విద్యలు చూపిస్తుంది. పద్మశాలీల ముందే ప్రదర్శించడం వాళ్ళ కట్టుబాటు.

ఆ పటం తయారీ వింటే మీకు ముచ్చటేస్తుంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేస్తారు. నేత బట్టకి గంజి, తెల్లమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పట్టిస్తారు. ఆరాక దాని మీద బొమ్మలు. మనం పారేసే చింతగింజలు అక్కడ దేవుళ్ళని నిలబెడుతున్నాయి!

ఇప్పుడు అసలు విషయం. మగ్గం నడిస్తేనే కూనపులివారికి కట్నం. సిరిసిల్లలో నేత దెబ్బతిన్న రోజులు, అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న కార్మికుల వార్తలు మనందరం చదివాం. ఆ ఇళ్ళలో పొయ్యి వెలగడమే కష్టమైనప్పుడు పటం ఎవరు విప్పించుకుంటారు? ఇచ్చే చెయ్యి ఖాళీ అయితే అందుకునే చెయ్యీ ఖాళీయే. కథకుడి కొడుకు ఆటో నడుపుతాడు, లేదా దుబాయి విమానం ఎక్కుతాడు. అతన్ని తప్పుపట్టలేం. మన పిల్లలకి మనం కోరుకునేది నెలజీతమే కదా!

ఏడాదికి ఒక్కసారి ఒక్కరికి ఇచ్చే పతకం మంచిదే, కాదనడం లేదు. పతకం గోడ మీద ఉంటుంది. ఏడాది పొడుగునా ఊరూరా వేసే పది రూపాయలు పొయ్యి మీద ఉంటాయి. 2023లో వచ్చిన 'బలగం' సినిమా ఈ సిరిసిల్ల పల్లెల్లోనే తీశారు. చివర్లో బుడగజంగాల పాటకి ఊరూరా ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అంటే వినే మనసు మనలో ఇంకా ఉంది. పిలిచే అలవాటే తగ్గింది.

మరి మనమేం చేయగలం?

ఇంట్లో మొక్కు ఉంటే సౌండు బాక్సులతో సరిపెట్టకుండా కథవాళ్ళనే పిలవండి. కాలనీలో వినాయక చవితికీ, బతుకమ్మకీ చందాలు పోగవుతాయి కదా, అందులో ఒక రాత్రి ఒగ్గుకథకి కేటాయించమని మహిళా సంఘంలో మీరే అడగండి. పిల్లల బడి వార్షికోత్సవంలో సినిమా పాటల నడుమ ఒక అరగంట పటం కథ పెట్టించండి. వచ్చినవాళ్ళకి ముందు కడుపునిండా భోజనం పెట్టండి. రాత్రంతా గొంతు చించుకునే మనిషితో రేటు దగ్గర బేరం వద్దు. కూరగాయల బండి దగ్గర చేద్దాం బేరం, సరేనా!

వెళ్ళాలనుకుంటే...

హైదరాబాదు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి జగిత్యాలకి కరీంనగర్ మీదుగా, సిరిసిల్లకి సిద్దిపేట మీదుగా బస్సులున్నాయి. పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గం 2017లో పూర్తయింది కాబట్టి జగిత్యాల, కోరుట్లకి రైల్లోనూ రావచ్చు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. గుర్తింపు కార్డు మరిచిపోకండి. వేములవాడ గుడిలో విస్తరణ పనుల వల్ల దర్శనం ఏర్పాట్లు మారుతుంటాయి, ముందే కనుక్కుని బయల్దేరండి.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న పట్నాల కాలం. కథ వినాలనుంటే అప్పుడే మేలు. రాత్రి చలికి దుప్పటి, కూర్చోవడానికి చాప తీసుకెళ్ళండి. దారిలో తినడానికి సర్వపిండి, సకినాలు ఉంటే చాలు, రెండు రోజులైనా పాడవవు. మక్క గారెలు మాత్రం అక్కడే వేడివేడిగా తినండి.

ఇంకొక్క మాట. పర్సులో చిల్లర నోట్లు ఉంచుకోండి. పళ్ళెం మీ ముందుకి వచ్చినప్పుడు మీ పేరు గట్టిగా చెప్పండి. "ఫలానా వారి భార్య" అని కాదు, మీ పేరే! డోలు మీద అది ఎలా మోగుతుందో ఒక్కసారి విని చూడండి.